మహిళా న్యాయవాదులు - కక్షిదారులు - పరిచయాల రాజకీయం

(మహిళా న్యాయవాదులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



లింక్డ్‌ఇన్ లాంటి వృత్తి పరిచయాల వేదికల ద్వారా న్యాయవాదులు కక్షిదారులను సంపాదించుకోవడం గురించి మాట్లాడమన్నారు. పైకి ఇది వ్యాపార మెళకువలకు సంబంధించిన విషయంలా కనిపిస్తుంది. కానీ ఇందులో మనకు కావలసిన ప్రశ్నలు రెండున్నాయి. కష్టంలో ఉన్న స్త్రీకి న్యాయవాది ఎలా దొరకాలి? న్యాయవాద వృత్తిలోకి వచ్చిన స్త్రీకి పని ఎలా దొరకాలి?

ముందు నియమం ఏమంటుందో చూద్దాం. 1961 నాటి అడ్వొకేట్ల చట్టం కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చేసిన నియమాల్లో 36వ దాని ప్రకారం న్యాయవాది పని ఇమ్మని అడగకూడదు, ప్రకటనలు ఇచ్చుకోకూడదు, దళారులను పెట్టుకోకూడదు. తాను వాదించే కేసు గురించి పత్రికల్లో రాయించుకోవడం, ఫోటో వేయించుకోవడం కూడా నిషిద్ధమే. బోర్డు మీద ఫలానా సంస్థకు చెందినట్టు గానీ, ఫలానా ఆశయంతో సంబంధం ఉన్నట్టు గానీ, ఫలానా రకం కేసుల్లో నిపుణురాలైనట్టు గానీ రాయకూడదు. అంటే 'గృహహింస కేసులు ప్రత్యేకంగా చూడబడును' అని బోర్డు పెట్టడం నియమ విరుద్ధం. 2008 సవరణ తర్వాత సొంత వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోను, నమోదు వివరాలు, చదువు, ప్రాక్టీసు చేసే రంగాలు పెట్టుకోవచ్చు. అంతకు మించి లేదు. 2024 జులైలో మద్రాసు హైకోర్టు, ఆన్‌లైన్ సంస్థల ద్వారా ప్రకటనలిచ్చుకునే న్యాయవాదుల మీద చర్య తీసుకోవాలని చెప్పింది. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ సోషల్ మీడియా ప్రచారం మీద మళ్ళీ హెచ్చరిక చేసింది.

ఈ నిషేధం వెనక కారణం లేకపోలేదు. 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన దభోల్కర్ కేసు, బొంబాయి కోర్టుల దగ్గర కక్షిదారుల మీద పడి కేసులు లాక్కున్నారన్న ఆరోపణలకు సంబంధించినది. భయంతో కోర్టు మెట్లెక్కిన మనిషిని అలాంటి వాళ్ళ నుంచి కాపాడవలసిందే.

అయితే ఆ నియమంలోనే ఒక మినహాయింపు ఉంది. వ్యక్తిగత సంబంధాలు లేని చోట కలిసి పని అడగడమే తప్పు. సంబంధాలుంటే ఇబ్బంది లేదు. ఒక సమాజశాస్త్ర విద్యార్థిగా నేను ఇక్కడే ఆగుతాను. ఎవరి సంబంధాలు? సీనియరుగా ఉన్న మేనమామ, కులసంఘం, సొంత ఊరి పెద్దలు, పోలీసుస్టేషన్లో తెలిసిన మనిషి, సాయంత్రం బార్ అసోసియేషన్లో కబుర్లు - ఇవన్నీ ఎక్కువగా మగవాళ్ళకు పనికొచ్చే సంబంధాలు. పెళ్ళయి మరో ఊరు వెళ్ళిన న్యాయవాదికి పాత పరిచయాలు తెగిపోతాయి. మొదటి తరం చదువుకున్న దళిత యువతికి అవి మొదటినుంచే లేవు. ముందు తలుపు అందరికీ మూసేస్తే, పెరటి తలుపు ఉన్నవాళ్ళకు నష్టమేముంది?

1916లో కలకత్తా హైకోర్టు రెజీనా గుహను, 1921లో పాట్నా హైకోర్టు సుధాంశుబాల హజ్రాను స్త్రీలన్న కారణంతో వృత్తిలోకి రానివ్వలేదు. 1923 చట్టం ఆ అడ్డు తీసేసింది. అయినా దేశంలోని 17 లక్షల మంది న్యాయవాదుల్లో స్త్రీలు 15 శాతమేనని 2021లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ చెప్పవలసి వచ్చింది. నమోదు చేసుకోవడం ఒక ఎత్తు, నిలబడడం మరో ఎత్తు.

అందుకే ఈ కొత్త వేదికలను కాదనలేం. మేనమామ లేని న్యాయవాది కూడా అక్కడ తన చదువుతో పదిమందికి తెలిసే వీలుంది. పరిమితులు మాత్రం గుర్తుంచుకోవాలి. వివరాలు 2008 సవరణ అనుమతించిన మేరకే ఉండాలి. గెలిచిన కేసుల జాబితా, కక్షిదారుల పొగడ్తలు, ముక్కూమొహం తెలియనివాళ్ళకు 'మీ కేసు నేను చూస్తాను' అని సందేశాలు పంపడం - ఇవి కూడదు. చట్టాన్ని వివరించండి. గృహహింస చట్టం కింద స్త్రీ తాను తాత్కాలికంగా తలదాచుకున్న చోట కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని ఎంతమందికి తెలుసు? అది రాయండి. ఎవరి కథనూ, పేరు మార్చి అయినా సరే, రాయవద్దు. చిన్న ఊళ్ళో రెండు వివరాలు చాలు, ఆమెను గుర్తుపట్టడానికి.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఆ వేదిక మీద ఎవరున్నారు? కంపెనీ అధికారులు, మేనేజర్లు. 2013 నాటి పనిస్థలాల్లో లైంగిక వేధింపుల చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఒకరు బయటి సభ్యులు కావాలి. ఈ విషయం తెలిసిన న్యాయవాది కోసం కంపెనీలు వెతుకుతాయి. మంచిదే. కానీ ఫీజు ఇచ్చేది యాజమాన్యం అయినప్పుడు, ఫిర్యాదు చేసిన స్త్రీ మాట వినే చెవి మొద్దుబారే ప్రమాదం ఉంది. బీడీలు చుట్టే స్త్రీ, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీ ఆ వేదిక మీద కనపడరు. వాళ్ళు మీ దగ్గరికే వస్తారు.

కాబట్టి కార్యకర్తలైన మీరు ఈ న్యాయవాదులతో పరిచయం పెంచుకోండి. నమ్మకమున్న న్యాయవాది పేరు చెప్పండి, ఒక్క రూపాయి కమీషను కూడా ఎటునుంచీ తీసుకోకండి. తీసుకుంటే మనకూ దళారికీ తేడా ఉండదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుందని, 15100కు ఫోను చెయ్యవచ్చని ప్రతి బస్తీలో చెప్పండి.

ఇక న్యాయవాదులు బార్ కౌన్సిల్ ముందు పెట్టవలసిన కోరిక ఒకటుంది. వెబ్‌సైటులో రాయగల రంగాన్ని బోర్డు మీద ఎందుకు రాయకూడదు? ఇంటర్నెట్టు చూడలేని స్త్రీ చదివేది ఆ బోర్డునే.