ల్యాబు చూసి ఫీజు కట్టండి

 

మేం ఎనిమిదో తరగతి దాకా చదివినోళ్లం. సివిల్ ఇంజనీరింగు గురించి వీళ్లేం చెప్తారని నవ్వకండి. మన మగ్గాల ఇళ్ల పిల్లలు ఇప్పుడు ఆ చదువే చదువుతున్నారు. ఫీజుల అప్పుకు పూచీ సంతకం పెట్టేది మేమే గదా.

ఒక కాలేజీలో మా పిల్లలు ఉన్నన్ని రోజులూ యంత్రం మీద కప్పిన గుడ్డ తీయలేదు. పోయినేడు రికార్డు చూసి ఈ యేడు రికార్డు రాశారు. మార్కులు మాత్రం బాగానే వచ్చినయ్. ఇంకో కాలేజీలో పిల్లలే సిమెంటు, ఇసుక, కంకర కలిపి 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోశారు. మూడు పొరలు, పొరకు 35 పోట్లు కడ్డీతో కూరాలి. మర్నాడు అచ్చు విప్పి నీళ్ల తొట్టిలో వెయ్యాలి. 28 రోజులకు తీసి యంత్రంలో నొక్కితే, ఎం20 దిమ్మె సుమారు 45 టన్నులు ఓర్చుకోవాలి. నీళ్లు ఎక్కువైన దిమ్మె అంతకు ముందే పగుల్తది. అది కళ్లారా చూసిన పిల్లవాడు, రేపు పని సులువని మేస్త్రీ ఇంకో బకెట్ నీళ్లు పోస్తుంటే ఊరుకోడు. గంజి చిక్కనో పలచనో మనకు వేళ్లకే గదా తెలిసేది!

కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు ఆగదు. అందుకే లాగుడు పడే వైపు ఇనుప కడ్డీ వేస్తారు. రెండు గోడల మీద ఆనిన దూలానికి నడుమ కింది వైపు లాగుడు, కడ్డీ కింద. గోడలోంచి ముందుకొచ్చిన సజ్జకు లాగుడు పైన, కడ్డీ పైనే ఉండాలి. ల్యాబులో చిన్న దూలాలు పోసి విరగ్గొడతారు. కడ్డీ లేనిది చెప్పాపెట్టకుండా రెండు ముక్కలు. సరిగా వేసినది ముందు సన్న పగుళ్లిచ్చి, వంగి, మనిషి తప్పుకునే టైమిస్తది. స్లాబు రోజు కూలీలు సజ్జ కడ్డీలు తొక్కితే అవి కిందికి దిగుతయ్, పైన కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనపడదు. ఆ సజ్జ కిందనే మన ఆడోళ్లు కండెలు చుట్టుకునేది.

కాబట్టి డబ్బు కట్టక ముందే ల్యాబు తాళం తీయించండి. నీళ్ల తొట్టి నిండుగా ఉందా, దిమ్మెల మీద పోసిన తేదీ రాసుందా చూడండి. ఆడపిల్లల్ని కంకర దగ్గరికి రానివ్వకుండా లెక్కలు రాయమని కూర్చోబెడతారట, దానికి ఒప్పుకోకండి.

ఈ యేడు నుంచి మా సంఘం పూచీ సంతకానికి ఒక షరతు పెట్టినం. ఇంట్లో ఒకరు ల్యాబు చూసి వచ్చి మాకు చెప్పాలి. అడగడానికి మరాఠీ రాకపోతే మేం తోడొస్తాం.