ఏడు జతల నుంచి పన్నెండు జతల దాకా



కపాల నాడుల పేర్లు గడగడా అప్పజెప్పినవాణ్ణి మా గురువుగారు మెచ్చుకునేవారు కాదు. "పేరు సరేనోయ్, పనేమిటి?" అనేవారు. ఆయన స్మృతిలో నాకిచ్చిన ఈ కాస్త సమయంలో ఆ ప్రశ్న చరిత్రే చెబుతాను.

మెదడుకూ వెన్నుపాముకూ నడుమ సుమారు మూడంగుళాల మెదడు కాండం ఉంది. మధ్యమెదడు, పాన్స్, మజ్జాముఖం దాని భాగాలు. పన్నెండు జతల కపాల నాడుల్లో వాసన, చూపు నాడులు పోగా మిగిలిన పది జతలకూ ప్రధాన స్థానం ఇదే; పదకొండో జతకు మాత్రం మెడలోని వెన్నుపాము నుంచి కూడా వేళ్లున్నాయి.

రెండో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గేలన్ లెక్కపెట్టినవి ఏడు జతలే. కానీ పని తెలుసుకోవాలన్న పట్టుదల ఆయనది. అరుస్తున్న పంది మెడలో స్వరపేటికకు పోయే నాడులను కట్టేస్తే అరుపు ఆగిపోవడం రోములో నలుగురి ముందూ చూపించాడు. ఆ నాడులు పదో జత అయిన వేగస్ నాడి కొమ్మలే. 1543లో గేలన్ పొరపాట్లెన్నో సరిదిద్దిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త వెసాలియస్ కూడా ఏడు జతల లెక్కను కదపలేదు.

1664లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్ తలలోని జతలను తొమ్మిదిగా తేల్చాడు.  ముఖ నాడినీ వినికిడి నాడినీ విల్లిస్ ఒకే జతగా లెక్కించాడు. గొంతు, వేగస్, మెడ కండరాల నాడులు మూడింటినీ మరో జతలో చేర్చాడు. 1778లో జర్మనీలోని గాటింగెన్‌లో విద్యార్థి సోమరింగ్ తన సిద్ధాంత వ్యాసంలో వాటిని విడదీసేసరికి పన్నెండు తేలాయి. నేటికీ మనం వాడేది ఆ వరుసే.

లెక్క కుదిరాక పరిశోధన పని మీదికి మళ్లింది. పారిస్‌లో వైద్యుడు లెగాల్వా కుందేళ్ల మెదడును ముందు నుంచి కొద్దికొద్దిగా తొలగిస్తూ పోయాడు. శ్వాస ఆగలేదు. వేగస్ పుట్టేచోట మజ్జాముఖాన్ని కోయగానే ఆగింది. ఈ ఫలితాన్ని 1812లో అచ్చువేశాడు. 1949లో శాస్త్రవేత్తలు మొరుజ్జి, మాగూన్ కాండం నడిమధ్యన ఉన్న నాడీజాలాన్ని ప్రేరేపిస్తే మెదడంతా మేల్కొంటుందని చూపించారు. ఊపిరీ మెలకువా రెండూ ఇక్కడివే.

అందుకే 1976లో బ్రిటన్ వైద్యులు కాండం చనిపోయిందని నిర్ధారించే పరీక్షలను క్రోడీకరించారు. మన పార్లమెంటు 1994లో చేసిన అవయవ మార్పిడి చట్టం కాండ మరణాన్ని గుర్తించింది. నలుగురు వైద్యుల బోర్డు, కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షిస్తుంది. కంట్లో వెలుగు వేసి చూడటం రెండో, మూడో నాడులకు పరీక్ష. కనుగుడ్డును తాకడం అయిదో, ఏడో నాడులకు. చెవిలో చల్లటి నీళ్లు పోయడం ఎనిమిదో నాడికీ కన్ను తిప్పే నాడులకూ. గొంతులో తాకి చూడటం తొమ్మిదో, పదో నాడులకు. చివరగా వెంటిలేటర్ తప్పించి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగినా సొంత ఊపిరి వస్తుందా అని చూస్తారు. గేలన్ మొదలుకొని లెగాల్వా దాకా చేసిన పనంతా ఆ మంచం పక్కన అక్కరకొస్తుంది.

కోమాలో ఉన్న మనిషి తేరుకోవచ్చు; కాండం చనిపోయిన మనిషి తేరుకోడు. విద్యార్థులారా, వార్డులో ఆ కుటుంబంతో మాట్లాడే రోజు మీకూ వస్తుంది. ఏ పరీక్ష ఎందుకు చేశారో మొదట తెలుగులో విడమరచి చెప్పండి. అవయవదానం మాట ఆ తర్వాతే ఎత్తండి.