40 మంది పిల్లలుంటే చాలు



మన బస్తీలలో తల్లి పనికి పోతే, పసివాడిని ఎత్తుకొని అక్క బడి మానుతున్నది. 2006లో ప్రకటించిన ప్రధానమంత్రి కొత్త 15 సూత్రాల కార్యక్రమంలో మొదటి సూత్రమే మైనారిటీలుండే చోట్ల అంగన్‌వాడీలకు తగిన వాటా. అదే ఏడు డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ఆరేళ్ళలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, కేంద్రం లేని బస్తీ అడిగితే 3 నెలలలోగా ఇవ్వవలెను.

అడిగితే! మనము షాదీఖానా అడిగాము, కబరస్తాన్‌కు ప్రహరీ అడిగాము. ఇది అడగలేదు.

గుమాస్తాగిరీలో తల నెరిసినవారము. నోటిమాట ఫైలుకెక్కదని ఎరుగుదుము. ఈ ఆదివారం వన్ టౌన్, గాజువాక సందులలో ఇంటింటా పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు వ్రాసుకొందాము. ఉర్దూ తెలిసిన కార్యకర్త కావాలని అర్జీలోనే కోరుదాము. రసీదు మాత్రం మరువవద్దు. గడువు లెక్క ఆ తేదీ నుండే.