నల్లని నేలలు - సేంద్రియ నేలలు

బందరు రోడ్డున ఉయ్యూరు దాటినచో ఇరుప్రక్కల నల్లని పొలములే. వానకు కాలిని పట్టు బంక, ఎండకు బీటలు. "ఇంత నల్లని నేలకు పచ్చిరొట్ట ఎందులకు?" అను మాట పలుచోట్ల వినవచ్చును. ఆ మాటను నేడు మనము పరిశీలింతము.

ఆకు, వేరు, పేడ కుళ్లగా మిగిలినదే సేంద్రియ పదార్థము. నీరు నిలిచి గాలి చొరని తావున కుళ్లుట మందగించి, అది పొరలు పొరలుగా పేరుకొనును. దానినే పీటు నేల అందురు. శాస్త్రజ్ఞుల లెక్కలో సేంద్రియ నేలయందు నూటికి 12 నుండి 18 పాళ్ల సేంద్రియ కర్బనము, సాధారణముగా 40 సెంటీమీటర్ల మందము ఉండవలెను. మన భూసార పరీక్షలో 0.75 పాలు దాటిననే 'ఎక్కువ' అని వ్రాయుదురు. ఈ రెండు హద్దులకు నడుమ అంతరము కనీసము పదహారు రెట్లు! బంకమట్టితో గాఢముగా కలిసిన కొద్దిపాటి సేంద్రియ పదార్థమే రేగడిని నలుపు చేయగలదు. కావున రంగును చూచి రాశిని నిర్ణయింపరాదు.

కేరళలోని కుట్టనాడునందు 'కరి' నేలలు కలవు. వానిలో కుళ్లిన కొయ్య దొరకును, పులుపు మిక్కుటము. మన వైపున అట్టి పొరలకై వెదకవలసినచో కొల్లేటి పల్లము, దివిసీమ మడ అడవుల అంచు మొదట చూడదగినవి.

విస్తీర్ణమును అంచనా కట్టుట ఎట్లు? నూరెకరముల పల్లమున నాలుగెకరములకు ఒకటి చొప్పున ఇరువదియైదు చోట్ల బరమాతో లోతుగా మట్టి తీసితిమనుకొందము. రెండు చోట్ల పీటు పొర తగిలినచో తొలి అంచనా ఎనిమిదెకరములు. పిమ్మట ఆ రెండింటి చుట్టును దగ్గర దగ్గరగా తవ్వి హద్దును సరిచూడవలెను. విమానమునుండి, ఉపగ్రహమునుండి తీసిన పటములు ఎచట తవ్వవలెనో సూచించును. అడుగున ఎంత మందమున్నదో బరమాయే చెప్పవలెను.

ఈ లెక్క తప్పినచో నష్టము రెండు విధములు. రేగడిని సేంద్రియ నేల అనుకొన్న రైతు జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లుట మానును; గడ్డిని తగులబెట్టును; నేల నానాటికి చిక్కును. నిజమైన పీటును గుర్తింపక మురుగు తీసి ఆరబెట్టినచో అది గాలి సోకి కరగి, బొగ్గుపులుసు వాయువై పోవును, భూమి క్రుంగును. సముద్రపు చేరువ పల్లమున క్రుంగిన పొలమునకు ఉప్పునీటి భయము హెచ్చు.

కనుక వేసవిలో, దుక్కికి ముందు, పొలమున ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో పరీక్షకు పంపుడు. పచ్చిరొట్ట విత్తనమును మాత్రము ఆ ఫలితము వచ్చువరకు అమ్మివేయకుడు.