ముందు ఏది? తర్వాత ఏది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"హైటెక్ సిటీలో రోజంతా ఏం చేస్తుంటావురా?" అని పోయినసారి కలిసినప్పుడు మాస్టారు ఒకరు అడిగారు. ప్రోగ్రాములు రాస్తానంటే అబద్ధమవుతుంది. రాయడం మానేసి చాలా ఏళ్ళయింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో అది పెట్టండి, ఇది పెట్టండి అని వంద మంది అడుగుతారు. వాటిలో ముందు ఏది చేయాలో, ఏది అసలు వద్దో తేల్చడం నా పని. దాని మొదటి పాఠం ఈ బళ్ళోనే నేర్చుకున్నాను. పరీక్ష ముందు లెక్కల మాస్టారు చెప్పేవారు: "ముందు పేపరంతా చదవండి. వచ్చినవి మొదట రాయండి. ఒక్క లెక్క పట్టుకుని గంటసేపు కూర్చోకండి."

మీ అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. ఒకప్పుడు జంట నగరాల్లో కరెంటు బిల్లుకు ఒక క్యూ, నీళ్ళ బిల్లుకు ఇంకో క్యూ, ఫోను బిల్లుకు మరో క్యూ. ఇంట్లో ఒకరికి ఒక పూట దానికే సరిపోయేది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో బంజారాహిల్స్‌లో 'ట్విన్స్' అనే ప్రయోగాత్మక కేంద్రం తెరిచారు. ఏ కౌంటరు దగ్గరైనా ఏ బిల్లయినా కట్టొచ్చు. 2001 ఆగస్టులో అదే 'ఈ-సేవ' అయింది. డిజిటల్ సంతకంతో ధ్రువపత్రాలిచ్చే 'మీ-సేవ' 2011లో వచ్చింది. ప్రభుత్వంలో ఎన్ని శాఖలు, ఎన్ని కాగితాలు! అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకుండా, ఇంటింటికీ నెలనెలా ఎదురయ్యే పనిని ముందు పట్టుకున్నారు. నాకు అందులో కనిపించే పాఠం అదే.

ఇంత తెలిసినవాణ్ణి నేనే పెద్ద తప్పు చేశాను.

పదిహేనేళ్ళ కిందట మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళం. పనుల జాబితా నా చేతిలో ఉండేది. ఒక ఆసుపత్రి నుంచి సిస్టర్ ఒకావిడ ఫోన్ చేశారు. "సార్, పేషెంటుకు పడని మందుల పేర్లు ఇంకో పేజీలో ఉన్నాయి. నైట్ డ్యూటీలో అన్ని పేజీలు తిప్పలేం. మందులిచ్చే పేజీలోనే పైన ఎర్రక్షరాలతో పెట్టండి" అన్నారు. రాసుకున్నాను. అదే నెలలో ఆసుపత్రి యాజమాన్యం రాబడి వివరాలు రంగురంగుల గ్రాఫుల్లో కావాలంది. మరుసటి ఏడాది కాంట్రాక్టు వాళ్ళ చేతిలోనే ఉంది. గ్రాఫులు మొదటి వరసకెక్కాయి. సిస్టర్ అడిగింది నలభై ఒకటో వరసలో పడింది.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి, పడదని ముందే నమోదు చేసి ఉన్న ఇంజెక్షన్‌నే ఒక రోగికి ఇచ్చేశారు. డాక్టర్లు వెంటనే చూసుకోబట్టి ఆయన బతికారు. ఆ మార్పు చేయడానికి మా కుర్రాడికి పట్టింది రెండు రోజులు. సిస్టర్ మళ్ళీ ఫోన్ చేసి, "పెట్టారు కదా సార్, థాంక్స్" అన్నారు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

మా రంగంలో 'రైస్' అనే లెక్క ఒకటి ఉంది. బియ్యం కాదులెండి. ఎంతమందికి ఉపయోగం, ఒక్కొక్కరికి ఎంత మేలు, మన అంచనా మీద మనకెంత నమ్మకం, ఈ మూడూ గుణించి, పట్టే శ్రమతో భాగించాలి. నా రెండు పనులకూ వేసి చూశాను. గ్రాఫులు చూసేవాళ్ళు 20 మంది, మేలుకు మార్కులు 2, నమ్మకం 80 శాతం, శ్రమ 6 వారాలు. వచ్చింది 5 పైచిలుకు. సిస్టర్ అడిగింది వాడేవాళ్ళు 200 మంది, మేలు 3, నమ్మకం అంతే, శ్రమ అర వారం. వచ్చింది 960! అడిగినవాళ్ళను లెక్కపెట్టాను గానీ వాడేవాళ్ళను లెక్కపెట్టలేదు. నా తప్పంతా అక్కడుంది.

అయితే మార్కులు వేసేది మనమే కాబట్టి, మనకు నచ్చినదానికి రెండు ఎక్కువ వేసుకోవడం కష్టం కాదు. అందుకే మా దగ్గర ముగ్గురు విడివిడిగా వేస్తారు. తేడా వచ్చినచోట కూర్చుని మాట్లాడుకుంటాం. ప్రాణానికి సంబంధించినదైతే మార్కుల దాకా వెళ్ళనివ్వం, నేరుగా తప్పనిసరి పనుల్లో చేరుస్తాం.

ఆ మాట 'మాస్కో' పద్ధతిలోది. ఒరాకిల్‌లో పనిచేసిన డై క్లెగ్ 1994లో పెట్టిన పద్ధతి. తప్పనిసరి, అవసరం, ఉంటే బాగుండు, ఈసారికి వద్దు అని నాలుగు గంపలు. ఎవరిని అడిగినా తమది తప్పనిసరే అంటారు. "ఇది లేకుండా విడుదల చేస్తే ఏమవుతుంది?" అని అడగండి. "ఎలాగో నెట్టుకొస్తాం" అంటే అది తప్పనిసరి కాదు. ఆ మొదటి గంప మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదని నియమం. అనుకోనివి వచ్చిపడతాయి కనుక చోటు ఉంచుకోవాలి. నాలుగో గంప అన్నిటికన్నా కష్టం. "వద్దు" అని రాసి, ఎందుకు వద్దో అడిగినవారికి మొహం మీదే చెప్పాలి. చెప్పకుండా నలభై ఒకటో వరసలో దాచిపెట్టడం మర్యాద కాదు, మోసం.

చివరగా ఒక్క మాట. మన సంఘం ముందు కూడా ఒక జాబితా ఉంది: స్వాగత తోరణం, సభావేదిక, డిజిటల్ తరగతి గది, ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళ ట్యాంకు. రాసిన వరస అదే. అడిగినవాళ్ళ పేర్లు చూశాను. అందరం యాభై దాటినవాళ్ళమే. నా పేరూ ఉంది, తోరణం పక్కనే.

వాడేవాళ్ళు ఇప్పుడు తరగతుల్లో కూర్చుని ఉన్నారు. రేపు సోమవారం ఇద్దరం ముగ్గురం వెళ్ళి వాళ్ళను అడుగుదాం. జాబితా ఆ తర్వాత ఖరారు చేద్దాం.

సెలవు.