క్షతగాత్రునికి న్యాయమైన పరిహారము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున తగవు వచ్చినచో మొదట పిలువబడువారు మీరే. రోడ్డు ప్రమాదము జరిగినప్పుడును అంతియే. వాహన యజమాని మీ వద్దకు వచ్చి, "ఆసుపత్రి ఖర్చులు భరించెదను, పైన పదివేలిచ్చెదను, కేసు లేకుండ చూడుడు" అని కోరుట సామాన్యము. గాయపడినవాడు మంచముపై నుండగనే కాగితముపై వ్రేలిముద్ర పడును. ఊరిలో సామరస్యము నిలిచినదని మనము తృప్తిపడుదుము. కాని ఆరు మాసముల పిదప ఆ కాలు వంగనిచో ఆ సంసారమును పోషించు వారెవరు? రాజీ కుదుర్చుటకు ముందు, చట్టము ఆ క్షతగాత్రునికి ఏమి ఇచ్చుచున్నదో మనము తెలిసికొనవలెను.

ఆసుపత్రి బిల్లు మాత్రమే కాదు

1988 నాటి మోటారు వాహనముల చట్టము, 166వ సెక్షను క్రింద క్షతగాత్రుడు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో అర్జీ పెట్టుకొనవచ్చును. ఏయే పద్దుల క్రింద పరిహారము లభించునో సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పున వివరించినది.

మొదటి తెగ ధన నష్టములు. వైద్యము, మందులు, రాకపోకలు, పౌష్టికాహారము మున్నగు ఖర్చులు. చికిత్సా కాలమున పోయిన కూలి. శాశ్వత వైకల్యము వలన ఇకముందు పోవు సంపాదన. మునుముందు చేయించుకొనవలసిన వైద్యము ఇందు చేరును.

రెండవ తెగ రూపాయలలో కొలువరాని నష్టములు. అనుభవించిన బాధ, మనోవేదన, జీవిత సుఖములను, వివాహావకాశములను కోల్పోవుట, ఆయుర్దాయము తగ్గుట. గాయము తీవ్రమైనదై, వైద్య సాక్ష్యము బలముగా నున్నప్పుడు ఈ పద్దులన్నియు పరిశీలనకు వచ్చును.

వైకల్యమును కొలుచు విధము

డాక్టరు వ్రాసిన వైకల్య శాతమును, సంపాదనలో కలిగిన నష్ట శాతమును ఒకటిగా భావింపరాదని ఆ తీర్పే చెప్పినది. కాలు పోయిన గుమాస్తా కుర్చీలో కూర్చుండి లెక్కలు వ్రాయగలడు. కాలు పోయిన గీత కార్మికుడు తాడిచెట్టు ఎక్కజాలడు. గాయము ఒక్కటియే, నష్టము వేరు.

ఆ గీత కార్మికునికి 38 ఏండ్లనియు, నెలకు రూ. 12,000 సంపాదన యనియు అనుకొందము. 2009లో సుప్రీంకోర్టు స్థిరపరచిన పట్టిక ననుసరించి 36 నుండి 40 ఏండ్ల వయస్సుకు గుణకము 15. ఏడాది సంపాదన రూ. 1,44,000ను 15చే గుణించిన రూ. 21,60,000 అగును. నష్టము 40 శాతమని తేలినచో రూ. 8,64,000, 80 శాతమని తేలినచో రూ. 17,28,000. ఇది ఒక్క పద్దు మాత్రమే. పదివేల రాజీని దీని ప్రక్క నుంచి చూడుడు.

కూలికి రసీదు లేదని అధైర్యపడ నక్కరలేదు. కూలీల వద్ద ఆదాయ పత్రము లుండవని గుర్తించి, ఒక కూలీ చెప్పిన ఆదాయమును సుప్రీంకోర్టు 2011లో అంగీకరించినది.

తప్పు రుజువు కానిచో

డ్రైవరు తప్పును రుజువు చేయలేనప్పుడు 164వ సెక్షను క్రింద తీవ్ర గాయమునకు రూ. 2,50,000, మరణమునకు రూ. 5,00,000 లభించును. అయితే ఈ మొత్తమును చట్ట ప్రకారము స్వీకరించినచో 166వ సెక్షను క్రింది అర్జీ రద్దగును. కనుక రెండు దారులను సరిపోల్చి నిర్ణయించుకొనవలెను.

గుద్దిన వాహనము ఆచూకీ తెలియనిచో తీవ్ర గాయమునకు రూ. 50,000, మరణమునకు రూ. 2,00,000 ప్రత్యేక పథకము క్రింద లభించును. దీనికి రెవెన్యూ శాఖలోని విచారణాధికారికి అర్జీ పెట్టవలెను. ఇవి గాక, 2025 నాటి నగదు రహిత చికిత్సా పథకము క్రింద నిర్దేశిత ఆసుపత్రులలో ప్రమాద దినము నుండి 7 దినముల వరకు, రూ. 1,50,000 మించకుండ వైద్యము జరుగును.

మీరు చేయవలసిన పని

మొదట క్షతగాత్రుని ఆసుపత్రికి చేర్పుడు. సదుద్దేశముతో తోడ్పడిన వారికి 134-ఏ సెక్షను రక్షణ కల్పించుచున్నది. పిదప పోలీసు ఫిర్యాదు నమోదగునట్లు చూడుడు. వాహనము నంబరు, బీమా వివరములు వ్రాసికొనుడు. ప్రతి బిల్లును, ఎక్స్‌రేను భద్రపరుపుమని కుటుంబమునకు చెప్పుడు. 2019 సవరణ చట్టము అర్జీకి ఆరు మాసముల గడువు విధించినది. ఆ లోపుననే దాఖలు చేయింపుడు. ప్రమాదస్థలమునకే పోనవసరము లేదు. క్షతగాత్రుని నివాస ప్రాంతపు ట్రిబ్యునలులోను అర్జీ వేయవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ న్యాయవాదిని ఏర్పాటు చేయును.

రాజీ చెడ్డది కాదు. గాయము కుదుటపడి, వైకల్యమెంతో తేలిన పిమ్మట లోక్ అదాలతులో కుదుర్చుకొన్న రాజీకి కోర్టు తీర్పుతో సమానమైన విలువ కలదు. తొందరపాటు రాజీ మాత్రము యజమానికి ఊరట, క్షతగాత్రునికి జీవితాంతపు నష్టము. ఇకమీదట ఇట్టి కాగితము మీ ముందుకు వచ్చినప్పుడు, సాక్షి సంతకము చేయుటకు పూర్వము ఒక్క ప్రశ్న వేయుడు: "ఇతడు మరల తన పని చేయగలడా?" దానికి డాక్టరు సమాధానము చెప్పు వరకు కలమును ప్రక్కన నుంచుడు.