సభామర్యాదయు నియమావళియు



ఒక దిక్కున నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయమును, మరియొక దిక్కున తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలును గల యీ శామీర్‌పేటలో ఈ యేటి సభ జరుగుట సముచితముగనే యున్నది. ఏలయన, కార్యవర్గము నాకొప్పగించిన విషయము గ్రంథములను గూర్చినది గాక, సదస్సులలో మన మొకరి యెడల నొకరము మెలగవలసిన తీరును గూర్చినది. తుర్కపల్లిలో ఒక యెలుకపై ప్రయోగము చేయదలచిన శాస్త్రజ్ఞుడు సంస్థలోని నైతిక సంఘముయొక్క అనుమతి పొందక సూదిని చేతబట్టరాదు. ఆయనయే సదస్సునకు వచ్చి, నిండుసభలో ఒక పరిశోధక విద్యార్థినిని పరాభవించినచో, అడుగు నాథుడు లేడు.

పండితులకు నియమావళి యేల, సంస్కారము చాలదా యని నన్ను చిరకాలముగా నిలదీయుచున్న మిత్రులు కొందరీ సభలోను గలరు. వారి పాండిత్యముపై నాకు గౌరవము గలదు. కాని ఆ మాట వేదికనెక్కినవారి నోటనే వింటిని గాని, వెనుక వరుసలలో కూర్చున్నవారి నోట నే నెన్నడును వినియుండలేదు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలయందు నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ సభ జరిగినది. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన మహర్షి కార్వేగారు దానికి అధ్యక్షులు. ఇతర భాషలలో సాగిన ఉపన్యాసములను సావధానముగా విన్న ఆ సభయే, అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ లేచినంతనే చప్పట్లు చరచి, గేలి చేసి, ఆయనను మాటలాడనీయక పోయినది. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొలదిమంది తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘమునకు పునాది వేసిరి. ఆ ప్రయత్నమే పెంపొంది, 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభకు దారితీసినది. మనవారు దీనిని ఉద్యమచరిత్రగా చెప్పుకొందురు. నేను సభానిర్వహణ చరిత్రగా చదువుదును. సభ్యులు సంస్కర్తలు, అధ్యక్షులు సంస్కర్తలలో అగ్రగణ్యులు. ఐనను ఒక వక్తకు తన మాట ముగించుకొను నవకాశము దక్కలేదు. సంస్కారమే చాలుననువారు ముందుగా దీనికి సమాధానము చెప్పవలెను.

నా పరిశోధన తొలినాళ్ళలో, తీరప్రాంతమందలి ఒక పట్టణమున, పాలమూరు స్త్రీల పాటలపై పత్రము చదువుచుండగా, పెద్దలొకరు లేచి నా యుచ్చారణను అనుకరించి సభను నవ్వించిరి. అధ్యక్షులు చేతిగడియారము చూచుకొనిరి. నా వాదమును గూర్చి ఒక్క ప్రశ్నయు రాలేదు. మరుసటి యేట సంచికలో పత్రము అచ్చైనది, ఆ నవ్వు అచ్చు కాలేదు. నాటినుండియు నేను కోరుచున్న దొక్కటే: సదస్సు సంచికలలో పత్రములతోపాటు ప్రశ్నోత్తరములు సైతము, అడిగినవారి పేర్లతో, యథాతథముగా ముద్రితము కావలెను. తన మాట అచ్చులో నిలిచిపోవునని యెరిగినవాడు ప్రశ్న పేరిట దూషణకు దిగుటకు సంకోచించును. అధ్యక్షుని చేతిలోని గంటయు కాలము మించినపుడే కాక, చర్చ వ్యక్తిదూషణగా మారినపుడును మ్రోగవలెను. మన పాత సదస్సుల చర్చల వ్రాతప్రతులు ఏ బీరువాలలో చెదలుపట్టుచున్నవో వెదకి వెలికితీయు పనికి ఒక్క విశ్వవిద్యాలయమైన పూనుకొనవలదా?

ఇక చట్టము సంగతి. పనిచోట స్త్రీలపై జరుగు లైంగిక వేధింపులను గూర్చి 1997లో వచ్చిన విశాఖ కేసు తీర్పును, దానిని పురస్కరించుకొని 2013లో వచ్చిన చట్టమును మీరెరుగుదురు. ఉద్యోగరీత్యా వెళ్ళిన ప్రతి చోటును, యజమాని సమకూర్చిన వాహనమును సైతము, పని ప్రదేశమే యని ఆ చట్టము చెప్పుచున్నది. విద్యార్థి హోదాలో వెళ్ళిన పర్యటనలను, శిబిరములను యూజీసీవారి 2015 నిబంధనలు ప్రాంగణములోనే చేర్చినవి. సికింద్రాబాదునుండి బస్సులోను, మేడ్చల్ స్టేషన్‌నుండి ఆటోలోను వచ్చి, ముక్కు మొగ మెరుగనివారితో గదులు పంచుకొను మన ప్రతినిధుల కిది ముఖ్యమైన సంగతి. ఫిర్యాదునకు మూడు నెలలు, విచారణకు తొంబది దినములు గడువు గలదు. కాని సదస్సు ముగిసినంతనే మనము నాలుగు రాష్ట్రములకు చెదరిపోదుము, ఏ సంస్థ సంఘము విచారింపవలెనను సందిగ్ధములోనే పుణ్యకాలము గడచిపోవును. కావున ఫిర్యాదులు స్వీకరించుటకు సదస్సు జరుగు దినములన్నియు ఇచ్చటనే యుండు ఇద్దరి పేర్లు, అందొకరు బయటివారు, ఆహ్వానపత్రికలోనే యుండవలెను. ఫిర్యాదుచేసినవారి పర్యవేక్షకుడు వారిలో ఒకడు కారాదు.

ఆహ్వానపత్రిక ప్రస్తావన వచ్చినది గనుక మరియొక మాట. సమ్మతి నొసగని విద్వాంసుల పేర్లను సదస్సుల ప్రకటనలలో వాడుకొనెనను నారోపణతోను, తదితరారోపణలతోను మన హైదరాబాదునకు చెందిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేయగా, 2019 మార్చిలో నెవాడాలోని న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని ఆదేశించినది. లిఖితసమ్మతి లేనిదే ఎవరి పేరును వేయరాదు. గ్రంథచౌర్యమునకు యూజీసీవారి 2018 నిబంధనలు శాతములు నిర్ణయించినవి, లెక్కించుటకు యంత్రములును వచ్చినవి. కాని పాట పాడి వినిపించిన ముదుసలి పేరును పత్రమున వ్రాయక దాచిన పరిశోధకుని ఏ యంత్రమును పట్టజాలదు. దీనికి ప్రత్యేక నియమ మవసరము.

మన సదస్సుల నియమావళి ముసాయిదా మీ చేతులలో గలదు. చర్చాభాగమును "వీలైనచో" ముద్రింపవలెనని కార్యవర్గమువారు అందు వ్రాసిరి. ఆ "వీలైనచో"ను తొలగింపవలెనను సవరణను నేనే ప్రతిపాదించుచున్నాను. మధ్యాహ్నము రెండు గంటలకు దానిపై వోటు తీసికొందుము. అందు పరిశోధక విద్యార్థులకును సమానమైన వోటు గలదు.